1917 లీ ఎన్‌ఫీల్డ్: కోసేసిన చెక్క స్థానంలో ఏ కాలపు భాగాలు పెట్టాలి?

మేనమామ పెట్టె

అందరికీ నమస్కారం. మా మేనమామ గారి తర్వాత చట్టప్రకారం నా పేరుకు మారిన లీ ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ సైన్యం వాడిన పాత రైఫిల్) ఒకటి నా దగ్గర ఉంది. కాగితాలన్నీ సరిగా ఉన్నాయి. బోల్టు (గుండు మార్చేందుకు వెనక్కి లాగే ఉక్కు కడ్డీ) పిడి కింద, బట్ (భుజానికి ఆనే వెనక చెక్క) మొదలయ్యే చోట ఉక్కు మీద కిరీటం, దాని కింద జి.ఆర్., బి.ఎస్.ఎ. కంపెనీ, 1917, షార్ట్ ఎల్.ఇ., 3 స్టార్ అని వరుసగా చెక్కి ఉంది.

ఎప్పుడో ఎవరో వేటకు తేలికగా ఉండాలని ముందు చెక్కను వెనక సైటు దాటాక జానెడు దూరంలో రంపంతో కోసేశారు. కోసిన చోటును గుండ్రంగా అరగదీసి మెరిసే వార్నిష్ పూశారు. బ్యారెల్ మీద ఉండాల్సిన పై చెక్కలు రెండూ లేవు. నోస్ క్యాప్ (ముందు చెక్క కొనకు తొడిగే లోహపు ముక్క), బయటి బ్యాండ్ (చెక్కలను చుట్టి పట్టే పట్టీ), వెనక సైటుకు రెండు పక్కలా ఉండే రక్షణ చెవులు కూడా లేవు. బ్యారెల్ మాత్రం ఎవరూ కోయలేదు. కొలిస్తే 25 అంగుళాల పైచిలుకు ఉంది.

దీన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడి చేతిలో ఎలా ఉండేదో అలా తిరిగి నిలబెట్టాలని నా కోరిక. ఎడమ పక్క వాలీ సైటు, మ్యాగజైన్ కటాఫ్ (మ్యాగజైన్ నుంచి గుండ్లు రాకుండా ఆపే పలక), బట్ మీద ఇత్తడి బిళ్ళ, అన్నీ ఉండాలి. వేటిని ముందు వెతకాలి? అసలైనవని ఎలా గుర్తుపట్టాలి?

పాత ఆయుధశాల

స్వాగతం. బ్యారెల్ కోయలేదన్నారు చూడండి, మీ పనిలో కష్టమైన సగం అక్కడే తప్పిపోయింది.

భాగాల సంగతికి ముందు ఒక మాట. చెక్క, ఇత్తడి, మరలు కొనడం చాలా దేశాల్లో ఇబ్బంది కాదు. బోల్టు, బ్యారెల్, రిసీవర్ (బోల్టు కదిలే ఉక్కు శరీరం) అలా కాదు. చాలా చోట్ల వాటిని విడిగానే ఆయుధంగా లెక్కిస్తారు. మీ దగ్గర చట్టం ఏమంటుందో లైసెన్సు ఇచ్చిన అధికారిని రాతపూర్వకంగా అడగండి. వేరే దేశం నుంచి తెప్పించుకోవాలంటే చిన్న మర గురించి కూడా అడగండి.

ఇక మీ కోరిక. వాలీ సైటు, కటాఫ్ మీ రైఫిల్‌కు పెట్టకండి. అవి మార్క్ 3 అనే నమూనా భాగాలు, మీది దాని తర్వాతి రూపం, మార్క్ 3 స్టార్. మార్క్ 3 సైన్యంలోకి వచ్చింది 1907లో. వెనక సైటు మీద 2000 గజాల వరకు గుర్తులుండేవి. అంతకు మించిన దూరానికి, 2800 గజాల వరకు, పక్కన ఉన్న వాలీ సైటుతో ఒక దళమంతా కలిసి గురిపెట్టేది. యుద్ధం కందకాల్లోకి దిగాక అంత దూరం కాల్చే అవసరమే లేకపోయింది. లక్షల రైఫిళ్లు త్వరగా కావాల్సి వచ్చాయి. అందుకే 1916 జనవరిలో ఆమోదించిన 3 స్టార్‌లో వాలీ సైటు, కటాఫ్, వెనక సైటును పక్కలకు జరిపే మర తీసేశారు. మీ రైఫిల్‌కు వాలీ సైటు లేకపోవడం లోపం కాదు. 1917లో అది అలాగే పుట్టింది.

ఇత్తడి మర

పై మాటకు చిన్న చేర్పు. కొన్ని 3 స్టార్ రిసీవర్లలో కటాఫ్ కోసం కోసిన పొడవాటి గాడి అలాగే మిగిలి ఉంటుంది. గాడి కనిపించింది కదా అని కటాఫ్ దూర్చేవాళ్లను చూశాను. పేరు పక్కన స్టార్ ఉన్నాక గాడిని ఖాళీగా వదిలేయడమే సరైనది.

మేనమామ పెట్టె గారూ, ఏదీ కొనకముందు కొన్ని వివరాలు ఇవ్వండి. బ్యారెల్ మొదట్లో ఎడమ పక్క ఏ ముద్రలున్నాయి? బోల్టు పిడి వెనక ఉన్న సంఖ్య, రిసీవర్ కుడి పక్కన ఉన్న సంఖ్య ఒకటేనా? బోల్టు చివర వేలితో లాగే ముక్క గుండ్రటి గుండీలా ఉందా, రెండు పక్కలా చదునుగా గీతలు పడి ఉందా? మిగిలిన ముందు చెక్కలో, మ్యాగజైన్‌కు ముందు, పక్క నుంచి పక్కకు అడ్డంగా వెళ్లే మర ఉందా?

మేనమామ పెట్టె

దీపం పక్కన పెట్టి భూతద్దంతో చూశాను. ఇన్నేళ్లుగా నా కళ్లముందే ఉన్నా ఇవేవీ నేను చదవలేదు.

బ్యారెల్ మీద ఇషాపూర్ ముద్ర, పక్కన 42 అని ఉంది. రిసీవర్ మీద పైకి చూసే బాణం గుర్తు, దాని కింద ఐ అక్షరం. బోల్టు సంఖ్య రిసీవర్ సంఖ్యతో కలవలేదు. బోల్టు చివరి ముక్క చదునైనదే, గీతలున్నాయి. అడ్డ మర ఉంది! దాని మీద కూడా వార్నిష్ పేరుకుపోయి ఇంతకాలం కనిపించలేదు.

అంటే ఇది 1917 నాటిది కాదా? కొంచెం బెంగగా ఉంది.

పాత ఆయుధశాల

బెంగ వద్దు. ముమ్మాటికీ 1917 రైఫిలే. కాకపోతే దానికి 1917 తర్వాత కూడా చాలా జీవితం ఉంది.

బాణం కింద ఐ అంటే అది భారత ప్రభుత్వ ఆస్తిగా చేరింది. బ్యారెల్ మీద 42 ఉందంటే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పాత బ్యారెల్ తీసి బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసిన కొత్తది వేశారు. ఆ అడ్డ మరను సేకరణకర్తలు ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. కాల్చినప్పుడల్లా వెనక్కి తన్నే బలం ముందు చెక్క వెనక భాగం మీద పడుతుంది. కాలం గడిచేకొద్దీ అక్కడ చెక్క చీలుతుంది. ఆ చీలికను ఆపడానికి అడ్డంగా వేసిన మర అది. చెక్క బలహీనత ఎక్కడుందో వందల రైఫిళ్లు విప్పి చూసిన చేతులకే తెలుస్తుంది. ఆ మరను చూసినప్పుడల్లా దాన్ని వేసిన పనివాడి మీద నాకు గౌరవం కలుగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మనం అందరం 'ఆ కాలపు భాగాలు' అంటుంటాం. ఏ కాలం? మీ రిసీవర్ బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ. కర్మాగారంలో 1917లో పుట్టింది. బ్యారెల్ 1942ది. సైన్యంలో ఉన్న రైఫిల్ పెట్టెలో దాచిన నగ కాదు. విరిగితే మార్చారు, అరిగితే మార్చారు, పక్క రైఫిల్ నుంచి తీసి దీనికి వేశారు. దానిలోని అన్ని ముక్కలూ ఒకే ఏడాదివి కావాలని పట్టుబడితే, ఆ రైఫిల్ ఎన్నడూ లేని రూపాన్ని మీరు కొత్తగా సృష్టిస్తారు. కాబట్టి ముందుగా ఒక సంవత్సరాన్ని ఎంచుకోండి. ఆ తర్వాతే కొనండి.

నా సలహా 1942. ఆ ఏడాదికి సాక్ష్యం ఉక్కు మీదే ఉంది.

నూనెచుక్క

నేను ఒప్పుకోను. రైఫిల్ పేరు, పుట్టిన ఏడాది రిసీవర్ మీద ఉన్నాయి. 1917 నాటి బి.ఎస్.ఎ. చెక్క, ఆ కాలపు పై చెక్కలు, ఆ కాలపు నోస్ క్యాప్ దొరికితే ఎందుకు వేయకూడదు? బ్యారెల్ మీది 42 చిన్న అంకె, ఎవరూ గమనించరు. చూసేవాళ్లు చూసేది 1917నే. మొదటి యుద్ధపు రైఫిళ్లు ఇప్పటికే చాలా కోతకు గురయ్యాయి. ఒక్కటైనా ఆ రూపంలో నిలబడితే మంచిదే కదా.

పాత ఆయుధశాల

ఎవరూ గమనించరు కాబట్టి పరవాలేదు అనే మాటే నాకు నచ్చనిది. రేపు ఈ రైఫిల్ ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఆ అంకె చదివిన రోజున వాళ్లు దేన్ని నమ్మాలి?

వడ్రంగి వాసు

ఇద్దరి వాదనా అర్థమైంది కానీ నేను చెక్క వైపు నుంచి చెబుతాను. 1917 నాటి ముందు చెక్క మంచి స్థితిలో, పొడవు తగ్గకుండా, చీలకుండా దొరకడం చాలా కష్టం. దొరికితే అది ఇంకో పూర్తి రైఫిల్ నుంచి వచ్చిందేమో అడగండి. భాగాలుగా అమ్మితే ఎక్కువ లాభం వస్తుందని ఎవరో ఒక మంచి రైఫిల్‌ను విప్పి ఉంటారు. ఒకదాన్ని బతికించడానికి ఇంకొకదాన్ని చంపే బేరంలో నేను చేరను. నా దగ్గరికి చెక్క అమరిక కోసం వచ్చేవాళ్లకు కూడా ఇదే చెబుతాను.

ఇషాపూర్ ముందు చెక్కలు అలా కాదు. వాడకుండా నిల్వలో ఉండిపోయినవి ఇప్పటికీ అప్పుడప్పుడు బయటికి వస్తుంటాయి. అడ్డ మరకు రంధ్రం ముందే ఉంటుంది. మీ రైఫిల్‌కు చరిత్రపరంగానూ అదే సరిపోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. విప్పేటప్పుడు ముందు చెక్కను మొదట తీయండి. ఆ తర్వాతే బట్. ఈ వరుస తప్పకండి. బట్ లోపల పొడవాటి బోల్టు ఒకటి ఉంటుంది. దాని ముందు కొన చదరంగా ఉండి, ముందు చెక్క వెనక భాగంలో ఉన్న చిన్న పలకలోకి దూరి కూర్చుంటుంది, బోల్టు వదులు కాకుండా. ముందు చెక్క ఉండగా బట్ బోల్టు తిప్పితే ఆ చదరపు కొన కూడా తిరుగుతుంది, చెక్కను లోపలి నుంచి చీలుస్తుంది. నా మొదటి రైఫిల్‌కు నేను చేసిన తప్పు ఇదే. పొడవాటి స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా తిప్పాను. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడు వచ్చింది. తొంభై ఏళ్లు చెక్కుచెదరని అక్రోటు చెక్క నా చేతుల్లో వెనక నుంచి రెండు వేళ్ల పొడవు చీలింది. ఇది జరిగి చాలా ఏళ్లయినా ఆ చప్పుడు నాకు ఇంకా గుర్తుంది.

ఇత్తడి మర

వాసు గారి మాట అందరూ రాసిపెట్టుకోండి. ఈ రకం రైఫిళ్లలో నేను చూసిన చీలికల్లో సగం ఇలా వచ్చినవే.

మరల గురించి నేను చెబుతాను. ఈ రైఫిల్ మరల చుట్లు ఎన్‌ఫీల్డ్ వాళ్ల సొంత కొలత. ఇనుప సామాను దుకాణంలో దొరికే మర చూడటానికి ఒకేలా ఉంటుంది, రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. మూడో చుట్టుకు బలవంతం చేస్తే రిసీవర్‌లోని చుట్లు పాడవుతాయి. వేలితో తిరిగినంత వరకే తిప్పండి. బిగుసుకుంటే అది మీ మర కాదు.

కోసేసిన రైఫిళ్లలో తరచుగా మాయమయ్యే చిన్న ముక్కలు కొన్ని ఉన్నాయి. ట్రిగ్గర్ గార్డ్ ముందు మర చుట్టూ ఉండే చిన్న ఉక్కు గొట్టం వాటిలో మొదటిది. మర ఎంత బిగించినా చెక్క నలగకుండా ఆపేది అదే. అది లేకుండా బిగిస్తే కొత్త చెక్క మొదటి రోజే నలిగిపోతుంది. రెండోది లోపలి బ్యాండ్, దాని మర, స్ప్రింగు. పై చెక్క కింద దాక్కుని బ్యారెల్‌ను పట్టి ఉంచుతుంది. కోసినవాళ్లకు అక్కర్లేదనిపించి పారేస్తారు. మూడోది ముందు చెక్క కొన దగ్గర బ్యారెల్‌ను కింది నుంచి పైకి నెట్టే చిన్న మొటిమ, దాని స్ప్రింగు. గింజంత ఉంటుంది, గురి మాత్రం దాని మీద ఆధారపడి ఉంటుంది. చెక్క కొనేటప్పుడు ఈ మూడూ కలిపి ఇస్తారేమో అడగండి. విడివిడిగా వెతకడం కంటే చాలా నయం.

కొత్త సభ్యుడు 7

ఈ చర్చ చూసి ధైర్యం వచ్చి అడుగుతున్నాను. నా దగ్గర ఉన్నవి లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్ భాగాలు. మార్క్ 3కి పనికొస్తాయా? అలాగే ఇషాపూర్ 2ఎ మ్యాగజైన్ తక్కువకు దొరికింది, పెట్టేయవచ్చా?

పాత ఆయుధశాల

నంబర్ 4 వేరే రైఫిల్. చూడటానికి తమ్ముడిలా ఉంటుంది కానీ ముందు చెక్క, నోస్ క్యాప్, సైట్లు ఏవీ కుదరవు. 2ఎ అనేది 1960లలో 7.62 మి.మీ. గుండు కోసం చేసింది. దాని మ్యాగజైన్ పెట్టెలా చదరంగా ఉంటుంది. .303 గుండు వాడే మార్క్ 3 మ్యాగజైన్ అడుగు ఏటవాలుగా ఉంటుంది. ఆ ఏటవాలు గీత ఈ రైఫిల్ ముఖకవళిక లాంటిది. అది మారితే దూరం నుంచే తెలిసిపోతుంది. వద్దు.

నూనెచుక్క

వార్నిష్ తీయడం నా విషయం కాబట్టి ఇది చెప్పే తీరాలి. గరుకు కాగితం ముట్టుకోకండి. చెక్క మీద తనిఖీ చేసినవాళ్ల చిన్న ముద్రలు వెంట్రుకవాసి లోతులో ఉంటాయి. రెండు నిమిషాలు రుద్దితే వందేళ్ల సంతకాలు పొడిగా రాలిపోతాయి. వార్నిష్‌ను కరిగించే ద్రావకం రాసి, మెత్తబడ్డాక గుడ్డతో తుడవండి. చెక్కలోకి ఇంకి నల్లబడిన పాత యంత్రపు నూనెకు సుద్దపొడిని ద్రావకంలో కలిపి ముద్దలా పట్టించండి. ఆరేకొద్దీ నూనెను పైకి లాగుతుంది. తెల్ల సుద్ద తేనె రంగుకు మారడం మీ కళ్లతోనే చూస్తారు. నాలుగైదు సార్లు పట్టవచ్చు.

నొక్కుకుపోయిన గుంటల మీద తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె కొనతో తాకించండి. ఆవిరికి నలిగిన పీచు మళ్లీ ఉబ్బుతుంది. చీరుకుపోయిన గాట్లకు ఇది పనిచేయదు. వాటిని అలాగే ఉంచండి, అవీ దాని జీవితమే.

చివరగా పచ్చి అవిసె నూనె. సైన్యంలో వాడింది అదే. చేతితో పలుచగా రాసి, అరచేతి వేడి తగిలేలా రుద్ది, ఆరనివ్వాలి. ఒక్కో పూతకు రోజులు పడుతుంది. తొందరపడి మందంగా రాస్తే జిగురు కట్టి ఎప్పటికీ ఆరదు. తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, గుడ్డల కుప్ప దానంతట అదే అంటుకుంటుంది. విడివిడిగా ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

మేనమామ పెట్టె

వారం రోజులు ఆలోచించాను. 1942నే ఎంచుకున్నాను. నూనెచుక్క గారూ, మీ వాదన నన్ను బాగా లాగింది, అబద్ధం చెప్పను. కానీ ఆ అడ్డ మర మీద వార్నిష్ తీశాక దాని గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టినప్పుడు నాకు అర్థమైంది. ఈ రైఫిల్‌ను చివరిసారి శ్రద్ధగా చూసుకున్నది ఆ మర వేసిన చేతులే. అక్కడి నుంచే కొనసాగిస్తాను.

ఒక సందేహం. వాడకుండా మిగిలిన ఇషాపూర్ ముందు చెక్క, పై చెక్కలు కలిపి ఒకరి దగ్గర ఉన్నాయి. ఇంకొకరి దగ్గర రిసీవర్ సంఖ్యకు సరిపోయేలా చెక్క మీద, నోస్ క్యాప్ మీద అంకెలు 'పాతవాటిలా' కొట్టి ఇస్తామంటున్నారు. అన్ని సంఖ్యలూ కలిస్తే బాగుంటుందా?

పాత ఆయుధశాల

వద్దు. ఆ రెండో వ్యక్తి దగ్గర ఏమీ కొనకండి.

ఫ్యాక్టరీలో సంఖ్య కొట్టేవాళ్లు ఆ భాగం ఆ రైఫిల్‌కే అమర్చామని హామీగా కొట్టేవాళ్లు. ఇప్పుడు మనం కొడితే అది హామీ కాదు, దొంగ సంతకం. సంఖ్య లేని కొత్త భాగం వేస్తే ఖాళీగానే ఉంచండి. వేరే సంఖ్య ఉన్న పాత భాగం వేస్తే ఆ సంఖ్యను కొట్టేయకండి, చెరిపేయకండి. ఏ భాగం ఎప్పుడు మార్చారో ఒక కాగితం మీద రాసి, మడిచి, బట్ లోపలి అరలో పెట్టండి. ఇత్తడి నూనె సీసా, గొట్టం శుభ్రం చేసే తాడు ఉండే చోటు అది. తర్వాత వచ్చేవాళ్లకు అంతకంటే మంచి కానుక ఉండదు.

బోల్టు సంఖ్య కలవడం లేదు కాబట్టి ఇంకొకటి. కాల్చాలన్న ఆలోచన ఉంటే అనుభవమున్న తుపాకీ పనివాడి చేత కొలత పరికరంతో బోల్టుకూ గుండు అడుగుకూ మధ్య ఖాళీ చూపించుకోకుండా ఒక్క గుండు కూడా వేయకండి. నంబర్ 4లో బోల్టు ముందు భాగాలకు 0 నుంచి 3 వరకు అంకెలుంటాయి, ఒకటి తీసి ఇంకొకటి వేయవచ్చు. మీ రకానికి ఆ సౌకర్యం లేదు, చేతితో సరిచూసి అమర్చాల్సిందే. ఇది ఇంట్లో చేసే పని కాదు.

వడ్రంగి వాసు

చెక్క వచ్చాక నేరుగా బిగించకండి. వెనక భాగంలో చెక్కకు ఆనే రిసీవర్ రెండు ముఖాలకు దీపపు మసి పలుచగా పూసి, ఉక్కును అమర్చి తీసి చెక్కను చూడండి. మసి రెండు పక్కలా సమానంగా అంటాలి. ఒక పక్కే అంటితే బలమంతా ఆ పక్కే పడుతుంది, చీలేది కూడా అక్కడే. నల్లగా అంటిన చోట మాత్రమే ఉలితో కాగితమంత పొర తీయండి, మళ్లీ మసి పూయండి. నాకు ఒక చెక్కకు ఇలా ఇరవైసార్లు పట్టింది.

మేనమామ పెట్టె

దాదాపు మూడు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ముందు చెక్క కూర్చుంది. వాసు గారూ, నాకు ఇరవై ఆరుసార్లు పట్టింది. చివరిసారి తీసి చూస్తే రెండు ముఖాల మీదా మసి ఒకేలా, రెండు బొటనవేళ్ల ముద్రల్లా పడింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

కొత్త చెక్క లేత రంగులో, పాత బట్ నల్లగా ఉన్నాయి. రంగు కలపమని కొందరు అన్నారు. కలపలేదు. అవిసె నూనె మాత్రమే రాశాను, ఎనిమిది పూతలు. ఎండ తగిలేకొద్దీ దగ్గరవుతాయని నూనెచుక్క గారు అన్నారు, ఆగుతాను. బట్ మీద బిళ్ళ ఉండాల్సిన గుంట ఖాళీగానే ఉంది. వెనక సైటు రక్షణ చెవులు మాత్రం ఇంకా దొరకలేదు. తొందర లేదు.

బట్ అర తెరిచి కాగితం పెట్టబోతే లోపల అడుగున ఏదో తగిలింది. పొడవాటి తీగతో లాగితే బయటికి వచ్చింది నూనెకు నల్లబడిన చిన్న ఫ్లానెల్ గుడ్డ ముక్క, గొట్టం తుడిచేది. దాన్ని తీసేయలేదు. నా కాగితాన్ని దాని పక్కనే పెట్టి మూత వేశాను.

ఇత్తడి మర

రక్షణ చెవుల జత ఒకటి నా దగ్గర ఉంది, మరతో సహా. ఇషాపూర్‌వే. మీ దగ్గర ఉండటమే సరైనది. చిరునామా విడిగా పంపండి.